నీళ్ళు తోడే చిప్ప

గంపలో సలక్ పళ్ళు ఒకదానికొకటి రాసుకుని గరగరమన్నాయి. వాటి తొక్క పాము పొలుసుల్లా ఉంటుంది. ఒత్తిడికి చిట్లితే కొనేవాళ్ళు ముట్టుకోరు. దొర్కా అరటి హస్తాలను ఒక పక్కకు జరిపి, మధ్యలో అరిటాకు మడిచి దోపింది. వెన్నపండ్లు పైన పెట్టింది. పాత గుడ్డను పేని చుట్టకుదురు చేసి నడినెత్తిన ఉంచుకుని, గట్టుమీది గంప కిందకు వంగింది.

గంప తలకెక్కే ఆ ఒక్క క్షణం ఆమెకు ఎప్పుడూ భయమే. ఈ రోజు మెడ నిలవదేమో అనుకుంటుంది. చిన్నప్పటి నుంచీ ఇదే అనుకుంటూ ఎత్తుతోంది. మెడ నిలిచింది. రెండు నరాలు తాళ్ళలా పైకి తేలి, మళ్ళీ చర్మంలోకి సర్దుకున్నాయి.

కొండదారి రాత్రి వానకు నాని ఉంది. మెట్ల రాళ్ళమీద నాచు. లవంగ చెట్ల కింద రాలిన ఆకులు కుళ్ళి ఘాటైన వాసన వేస్తున్నాయి. ఆమె పాదాలు వెడల్పుగా, బొటనవేళ్ళు పక్కకు విచ్చుకుని, రాయిని పట్టుకున్నట్టుగా పడుతున్నాయి. చెప్పులు గంపలోనే ఉన్నాయి. ఊరు తగిలాక వేసుకుంటుంది.

మలుపు దగ్గర ఆగింది. అక్కడి నుంచి అంబోన్ ఊరంతా కనిపిస్తుంది. లోపలికి చొచ్చుకొచ్చిన సముద్రపు పాయ, దాని చుట్టూ రేకు కప్పులు, గోపురాలు, గుమ్మటాలు, పాత కోట గోడ. పాయ మీద కొత్త వంతెన. వంతెన దీపాలు ఇంకా ఆర్పలేదు. ఆమె చూసేది వంతెనను కాదు. దాని కింద నీళ్ళమీద ఒకప్పుడు పడవలు తిరిగిన చోటు. అక్కడిప్పుడు ఏమీ లేదు. అయినా రోజూ చూస్తుంది. ఇవాళ కొంచెం ఎక్కువసేపు చూసింది.

నాలుగు రోజులుగా ఇద్రిస్ రాలేదు.

కొండ కింద వ్యానెక్కి, బజారు దగ్గర దిగి, తన చోటుకు చేరేసరికి నెల్చి అప్పటికే కాల్చిన సగ్గు రొట్టెలు వరసగా నిలబెట్టి, జాజికాయ తొనల మిఠాయి మీద ఈగలు తోలుతోంది. చాలా ఏళ్ళుగా ఇద్దరూ మందునూనె అమ్మే చీనావాళ్ళ అంగడి ముందు, ఆ అరుగు కిందే కూర్చుంటున్నారు. నెల్చిది తూర్పు తీరంలోని మరో ఊరు. నోరు పెద్దది, మనసు మంచిది.

"ఏం అక్కా, మీ అన్న ఇవాళ కూడా డుమ్మానా?"

"వానలు కదే. మోకాళ్ళు పట్టేసుంటాయి."

"నాలుగు రోజులా! ఆయనొచ్చి నీ పళ్ళకి వంక పెట్టకపోతే నాకు బోణీ కావట్లేదు. ఎదురుగా నిలబడి 'అబ్బే, పులుపు' అంటాడు చూడు, ఆ మాట విని నలుగురు ఆగుతారు. ఎంత పులుపో చూద్దామని కొంటారు."

దొర్కా నవ్వలేదు. సలక్ పళ్ళు కుప్పలుగా పోసింది. ఒక కుప్ప విడిగా, తన మోకాలి పక్కన, తడిగుడ్డ కప్పి పెట్టుకుంది. అది అమ్మడానికి కాదు.

దొర్కా ఊరు కొండమీద, చర్చి చుట్టూ ఉంటుంది. ఇద్రిస్ ఊరు పాయ ఒడ్డున, మసీదు చుట్టూ ఉంటుంది. ఏ కాలంలోనో ఆ రెండు ఊళ్ళ పెద్దలు ఒకరి రక్తం ఒకరు తాగి ఒట్టు పెట్టుకున్నారు. దాన్ని ఇక్కడ పెలా అంటారు. ఆ ఒట్టు ఉన్న ఊళ్ళవాళ్ళు అన్నాచెల్లెళ్ళు, వాళ్ళ మధ్య పెళ్ళిళ్ళు కుదరవు. ఒకరి ఇల్లు కాలితే రెండోవాళ్ళు కలప మోసుకొస్తారు. ఒకరింట్లో చావైతే రెండోవాళ్ళు తెల్లగుడ్డ తెస్తారు. ఒకరు నోరు తెరిచి అడిగితే రెండోవాళ్ళు కాదనకూడదు. కాదన్నవాడి కడుపున పుట్టినవాళ్ళు బాగుపడరు. ఇవ్వకుండా కన్నుమూసినవాడికి మట్టి కూడా బరువే అంటారు. అందుకే ఆ ఊళ్ళవాళ్ళు ఒకరినొకరు చూసి చూసి అడుగుతారు. బాగుందని పొగిడినా అడిగినట్టే లెక్క.

ఇద్రిస్ ఆ భయంతోనే దొర్కా పళ్ళను ఏనాడూ మెచ్చుకోలేదు. పులుపంటాడు, వగరంటాడు, కోతులు కూడా తినవంటాడు. అతను ఎంత తిడితే అంత తినాలనుందని దొర్కాకు తెలుసు. తనంతట తాను పెడితే అందులో ఒట్టు లేదు. "తీసుకుపో అన్నా, పారెయ్యడానికి బద్ధకంగా ఉంది," అని తడిగుడ్డ కిందివి అతని సంచిలో పోస్తుంది. ఇన్నేళ్ళలో వాళ్ళిద్దరి మధ్యా జరిగిన మాటలన్నీ దాదాపు ఇవే.

"మా మేనమామ కథ చెప్పానా నీకు?" అంది నెల్చి.

"చెప్పావు."

"మళ్ళీ విను, మొహం అలా పెట్టుకుని కూర్చోకుండా. మా ఒట్టు ఊరికి పెళ్ళికి పోయి, వాళ్ళ మోటారు పడవ చూసి 'ఇలాంటిది మాకొకటుంటే ఎంత బాగుండు' అన్నాడు. నోరు జారిందంతే. తెల్లారేసరికి పడవ మా రేవులో ఉంది! పాపం, ఆ పడవే వాళ్ళ కూడు. మామకి చెమటలు పట్టాయి. అడిగిన మాట వెనక్కి తీసుకోకూడదాయె. పరుగెత్తుకుంటూ పోయి వాళ్ళ పెరట్లో ఒక కోడిని చంకన పెట్టుకుని, 'నేనడిగింది ఇదీ, నా చేతికొచ్చేసింది, తీరిపోయింది' అని కేకలు పెట్టాడంట. ఊరు ఊరంతా తీరింది, తీరింది అన్నారు. పడవ వెనక్కి పోయింది."

"కోడి?"

"ముసలిది. ఎంత ఉడికించినా పీచే."

ఈసారి దొర్కా పెదవి కొంచెం కదిలింది. సరిగ్గా అప్పుడే సల్మా వచ్చింది. ఇద్రిస్ ఊరి మనిషి. పొగలో కాల్చిన చేపల తట్ట నెత్తిన పెట్టుకుని, రోజూ ఈ దారినే కేకవేసుకుంటూ పోతుంది. ఈవేళ కేక లేదు. తట్ట దించకుండానే నిలబడింది.

"దొర్కక్కా, ఇద్రిస్ మామకి బాలేదు. నిన్నటి నుంచీ గుటక పడట్లేదు. ఆస్పత్రివాళ్ళు ఇంటికి తీసుకుపొమ్మన్నారు."

దొర్కా చేతిలో ఉన్న పండును కుప్పమీద పెట్టింది. అది జారి రోడ్డుమీదకు దొర్లింది.

"నాకు కబురు పెట్టలేదేం?"

"వాళ్ళమ్మాయి రుకాయా పెడతానంది. ఆయనే వద్దన్నాడంట. కబురు పెడితే రమ్మని అడిగినట్టవుతుంది, ఈ వానలో ఆమె బేరం వదులుకుని రావాల్సొస్తుంది అని." సల్మా గొంతు తగ్గించింది. "నేను పెట్టిన కబురు కాదక్కా ఇది. ఊరికే చేపలమ్ముకుంటూ చెప్పాను."

నెల్చి అప్పటికే దొర్కా గంపను తన వైపు లాక్కుంది. "నువ్వు పో. నేనమ్ముతాను. పులుపని నేనే అరుస్తాలే."

తడిగుడ్డతో సహా ఆ కుప్పను ఒళ్ళో పోసుకుని దొర్కా లేచింది.

బజారు చివర చిన్న ఏరు, దానిమీద చిన్న వంతెన. అది దాటితే ఇద్రిస్ వాళ్ళ ఊరు. అంబోన్ రెండు మతాలుగా చీలి ఒకరినొకరు తగలబెట్టుకున్న ఏళ్ళలో ఈ వంతెనకు అడ్డంగా కాలిన టైర్లు, మంచాలు పేర్చి ఉండేవి. అప్పుడు దొర్కా కొండ దిగలేకపోయింది. పాయ మధ్యలో, ఏ ఒడ్డుకూ చెందని నీళ్ళమీద, రెండు వైపుల నుంచీ కొందరు పడవల్లో వచ్చి సరుకు మార్చుకునేవాళ్ళు. ఒకరోజు ఇద్రిస్ వాళ్ళావిడకు జ్వరమని తెలిసి దొర్కా కూడా ఎక్కింది. ఎదుటి పడవలో ఇద్రిస్ ఉన్నాడు. ఆమె కాయుపుతి మందునూనె సీసా, అరటిపళ్ళు అందించింది. అతను చేపలందించాడు. పడవలు ఊగుతుంటే రెండు చేతులూ ఒకసారి తగిలాయి. బాగున్నావా అని ఎవరూ అడగలేదు. విడిపోతున్నప్పుడు ఆమె వెనక్కి చూడలేదు. ఎవరు ఎక్కడికి బయల్దేరినా ఆమె వెనక్కి చూడదు. చూస్తే అదే ఆఖరిదవుతుందని భయం.

అతను తెడ్డు వేసే మనిషి. పాయమీద పెద్ద వంతెన లేని రోజుల్లో అటు ఒడ్డుకు పోవాలంటే అతని పడవో, అలాంటి మరో పడవో ఎక్కాలి. పడుచు వయసులో దొర్కా పాయకు అవతలి సంతలో పళ్ళమ్మేది. పొరుగూరి ఆడవాళ్ళతో కలిసి పడవెక్కేది కాబట్టి ఆమెదీ ఆ ఊరే అనుకున్నాడు. అతను పడవలోనే వండుకుని, పడవలోనే పడుకునేవాడు కాబట్టి, అతనికంటూ ఒక ఊరుంటుందని ఆమెకు తోచనే లేదు. ఒక ఎండాకాలమంతా గడిచింది. మతం వేరన్నది వాళ్ళకు తెలుసు. అది దాటి పెళ్ళాడినవాళ్ళు ఊళ్ళో ఒకరిద్దరున్నారు. వీళ్ళూ దాటుదామనుకున్నారు.

ఆ ఏడు రెండు ఊళ్ళూ ఒట్టును కొత్తది చేసుకునే పండుగ వచ్చింది. తెల్లటి గుడ్డ, ఊరంత పొడుగుది, రెండు ఊళ్ళవాళ్ళను కలిపి చుట్టారు. దొర్కా తన ఊరి వరసలో ఆ గుడ్డను భుజాల మీదుగా పట్టుకుని నడుస్తూ, ఎదుటి వరసలోకి చూసింది. అతను కూడా అదే గుడ్డ పట్టుకుని ఉన్నాడు. తిఫా డోళ్ళు మోగుతున్నాయి. అందరూ నవ్వుతున్నారు. అతని మొహం బూడిదలా అయిపోయింది. ఆ రోజు సాయంత్రం విందులో పెద్దలు ఆమె చేత అతనికి సగ్గు అంబలి వడ్డించి, "అన్న అని పిలవమ్మా," అన్నారు. పిలిచింది.

తరవాత ఆమెకు చర్చిలో వెదురు పిల్లనగ్రోవి ఊదే ఒక వడ్రంగితో పెళ్ళయింది. మంచి మనిషి. సంగతి తెలిసినా ఆ మాట ఎత్తలేదు, పోయేదాకా. అతనికీ పెళ్ళయింది. జుబైదా కూడా మంచి మనిషే. ఉన్నన్నాళ్ళూ ప్రతి పండక్కీ దొర్కా ఇంటికి కొబ్బరినూనె పంపేది.

ఒట్టు చెల్లెలు తలుపు తట్టనక్కర్లేదు. దొర్కా నేరుగా లోపలికి నడిచింది.

వంటింట్లోంచి రుకాయా తొంగి చూసింది. ఇద్రిస్ కూతురు. కళ్ళు వాచి ఉన్నాయి. "అత్తా," అని మాత్రం అంది. గంటె చేతిలోనే ఉంది.

అతన్ని ముందుగదిలో, కిటికీ పక్కన పరుపుమీద పడుకోబెట్టారు. మనిషి ఎముకల గూడులా మిగిలాడు. తెడ్డు వేసిన భుజాలు మాత్రం వెడల్పుగా, ఆ శరీరానికి సంబంధం లేనట్టుగా ఉన్నాయి. తల దగ్గర నీళ్ళ బిందె, దానిమీద ఒక కొబ్బరి చిప్ప. పడవలో చేరిన నీళ్ళు తోడిపోసే చిప్ప అది. నల్లగా నున్నగా అరిగిపోయి, పక్కన పగిలినచోట గుగ్గిలం పెట్టి అతికించి ఉంది. పడవ అమ్మేసినా దాన్ని అమ్మలేదు.

"ఎవరు చెప్పారు నీకు?" అన్నాడు. గొంతు గాలిలా ఉంది.

"ఎవరూ చెప్పలేదు. పళ్ళు పారేద్దామని ఇటొచ్చాను."

అతను ఆమె ఒళ్ళో మూట వైపు చూశాడు. "పుల్లటివేనా?"

"కోతులు కూడా తినవు."

నవ్వబోతే దగ్గొచ్చింది. దగ్గి దగ్గి ఆగాడు. దొర్కా ఒక పండు ఒలిచి, తొన తీసి, అతని పెదవులకు ఆనించింది. రసం చప్పరించి కళ్ళు మూసుకున్నాడు. మూసిన ఆ కనురెప్పలు చూసేసరికి ఆమెకు పడవ కదిలిపోతున్నట్టనిపించింది. అంతవరకూ జీవితమంతా పట్టుకున్న నోరు, ఆ ఒక్క క్షణం పట్టు తప్పింది.

"అన్నా, గండారియా చెట్లు పూతమీదున్నాయి. కాయలు తెస్తాను, నీకిష్టమైన పులుపు. అవి పండేదాకా ఉండు. పోకు. నేనడుగుతున్నా."

వంటింట్లో గంటె చప్పుడు ఆగిపోయింది.

ఇద్రిస్ కళ్ళు తెరిచాడు.

"అడిగావా?" అన్నాడు.

ఆమె అనేసింది. వెనక్కి తీసుకోవడానికి లేదు.

"ఇన్నేళ్ళకి అడిగావు చెల్లే," అని, పరుపుమీద రెండు మోచేతులూ ఆనించి లేవబోయాడు. "రుకాయా, అంబలి తే."

"నాన్నా, గుటక పడదు."

"తెమ్మన్నానా!"

రుకాయా వేడి సగ్గు అంబలి, చేప పులుసు తెచ్చింది. దొర్కా వైపు చూసిన ఆ చూపులో కోపం లేదు. భయం ఉంది. ఇద్రిస్ గిన్నె మీదకు వంగి నోరు తెరిచాడు. జిగురు ముద్ద గొంతులో నిలబడిపోయింది. కళ్ళు ఎర్రబడి నీళ్ళు కారాయి. వీపు నిమిరితే బయటికొచ్చేసింది. అతను మళ్ళీ నోరు తెరిచాడు.

"వద్దు నాన్నా."

"అడిగింది కదే. ఏం చెయ్యను?"

అలిసిపోయి వెనక్కి వాలాడు. అయినా కళ్ళు మూయలేదు. రెప్పలు బరువై దిగుతుంటే ఉలిక్కిపడి తెరుస్తున్నాడు. ఏటిలో పట్టు జారుతున్నవాడిలా పరుపు అంచును పిడికిలితో పట్టుకున్నాడు. ఊపిరి లోపలికి లాగడానికి ఆ పెద్ద భుజాలు రెండూ పైకి లేస్తున్నాయి.

దొర్కా చూస్తూ కూర్చుంది. ఇన్నాళ్ళూ అతన్ని ఒక్కటీ అడగకుండా కాపాడుకుంది. ఆఖరికి అడిగి, నిద్రపోవడానికి కూడా వీల్లేకుండా చేసింది. ఇలాగే పోతే ఇతను మాట తప్పినవాడై పోతాడు. ఆ భయం అతని పిడికిలిలో కనిపిస్తోంది. ఉండమనడానికి నోరుంది. పొమ్మనడానికి లేదు. అయినా ఇప్పుడు అనాల్సింది ఆ మాటే.

నెల్చి మేనమామ చంకలోని ముసలి కోడి గుర్తొచ్చింది.

ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది. గొంతు సవరించుకుని, వంటింట్లోకి కూడా వినబడేలా గట్టిగా అంది.

"నేనడిగింది గండారియా పండేదాకా ఉండమని కాదన్నా. నేనడిగింది ఆ చిప్ప. బిందె మీదుందే, ఆ చిప్ప. అదియ్యి నాకు."

ఇద్రిస్ కళ్ళు మెల్లగా బిందె వైపు తిరిగాయి. తిరిగి ఆమె మీదకొచ్చాయి. చాలా రోజుల తరవాత అతని మొహంలోకి పాత పడవవాడి కొంటెతనం వచ్చింది.

"యాభై ఏళ్ళయింది. అబద్ధమాడడం నేర్చుకోలేదు నువ్వు."

"చిప్పిస్తావా, ఇవ్వవా?"

"పగిలింది అది."

"అతికించావుగా."

రుకాయా ముందుకొచ్చి చిప్ప తీయబోయింది. అతను తల అడ్డంగా ఆడించాడు. తనే చెయ్యి చాపాడు. ఆ చెయ్యి బిందె దాకా పోవడానికి చాలాసేపు పట్టింది. వేళ్ళు చిప్ప అంచును పట్టుకున్నాయి. ఎత్తి తెచ్చి, ఆమె రెండు అరచేతుల్లో పెట్టాడు. పెట్టాక కూడా ఒక క్షణం వదల్లేదు.

"తీరిందా?" అన్నాడు.

"తీరింది."

"గట్టిగా చెప్పు. రుకాయా వినాలి."

"తీరిందన్నా. నీ దగ్గర నాకింకేం లేదు."

అతని పిడికిలి పరుపు అంచును వదిలేసింది. రెప్పలు దిగాయి. ఈసారి ఉలిక్కిపడలేదు. రుకాయా గోడకు జారగిలబడి, నోట్లో చెంగు కుక్కుకుని ఏడ్చింది. దొర్కా ఆమె తలమీద చెయ్యి వేసింది. ఊపిరి నెమ్మదిగా, చిన్న అలలా, వస్తూ పోతూ ఉంది. పక్కింటి మగవాళ్ళు ఖురాను చదవడానికి వచ్చి గుమ్మంలో చెప్పులు విడుస్తున్నారు.

"ఉండత్తా," అంది రుకాయా.

దొర్కా ఉండలేదు. సెలవు చెప్పడం ఆమెకు రాదు. గుమ్మం దాటాక, జీవితంలో మొదటిసారి, వెనక్కి తిరిగి చూసింది. కిటికీలోంచి అతని పాదాలు మాత్రం కనిపించాయి.

బజారులో నెల్చి సగం పళ్ళు అమ్మి, సగం ఉంచింది. గంపలో చిప్పను చూసి, దానిమీద అరిటాకు కప్పింది. "తడవకుండా," అంది. నీళ్ళు తోడే చిప్ప తడవడమేమిటని ఇద్దరిలో ఎవరూ అనలేదు.

వ్యాను దిగి కొండెక్కుతుంటే చినుకులు మొదలయ్యాయి. మలుపు దగ్గరకొచ్చేసరికి సాయంత్రం నమాజు అయిపోయినట్టుంది. పాయ ఒడ్డు మసీదు మైకు ఒకసారి గరగరమని, ఆగి, మళ్ళీ మాట్లాడింది. గాలికి మాటలు ముక్కలుగా వస్తున్నాయి. ఇద్రిస్ తువానాయ అన్న పేరు మాత్రం ముక్కలు కాకుండా వచ్చింది. తరవాత, రేపు ఉదయం ఖననమని.

దొర్కా నిలబడిపోయింది. గంప తలమీద ఉండగా తల వంచడానికి వీల్లేదు. మెడ నిటారుగా ఉంచుకునే, ఎదురుగా పాయను చూస్తూనే ఏడ్చింది. కన్నీళ్ళు గడ్డం దాకా వచ్చి వానలో కలిశాయి. కింద వంతెనమీద దీపాలు వెలిగాయి.

ఊళ్ళో అప్పటికే కబురు తెలిసింది. చర్చి మెట్లమీద ఆడవాళ్ళు తెల్లగుడ్డ తాను విప్పి కొలుస్తున్నారు. ఒట్టు ఊరికి, శవానికి చుట్టే కఫను గుడ్డ వీళ్ళే తీసుకెళ్ళాలి. ఎవరో ఆమెకు ఒక అంచు అందించారు. భుజం మీదుగా పట్టుకుంది.

ఇంటికొచ్చి గంప దించింది. చుట్టకుదురు విప్పి ఆరేసింది. చిప్పను ఎక్కడ పెట్టాలో తోచలేదు. బల్లమీద, కానుకలుంచి మొక్కుకునే ప్రార్థన పళ్ళెం పక్కన పెట్టి, మళ్ళీ తీసి, చివరకు బయట చూరు కింద గట్టుమీద ఉంచింది.

తెల్లవారి, నల్లబట్టలు కట్టుకుని గుడ్డ మోయడానికి బయల్దేరినప్పుడు వాన వెలిసింది. చూరు నీళ్ళు పడి చిప్ప అంచుదాకా నిండి ఉంది. అతను గుగ్గిలం పెట్టి అతికించిన చోట దొర్కా వేలితో తడిమింది. గట్టిగా పట్టుకునే ఉంది. ఒక్క చుక్క కారలేదు.